సోనీపత్ గడ్డి పాక చెప్పే తేమ లెక్క

మే నెలలో ఢిల్లీలో కూలర్‌ను మించిన చుట్టం లేదు. బయట 42 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం. కిటికీకి బిగించిన ఆ రేకు డబ్బా బకెట్ల కొద్దీ నీళ్ళు తాగుతూ 28 డిగ్రీల గాలిని గదిలోకి తోస్తుంది. జులై వచ్చేసరికి కథ మారుతుంది. 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజున అదే కూలర్ గాలి 31 కంటే కిందికి దిగదు. పైగా దుప్పట్లు చెమ్మగిల్లుతాయి, గోడలకు బూజు పడుతుంది. కూలర్ పాడైందని మెకానిక్‌ను పిలిచేవాళ్ళు కూడా ఉంటారు. దానిలో లోపమేమీ లేదు. కర్నూలులో హాయినిచ్చే కూలర్ విజయవాడలో ఎందుకు ఒంటికి జిగురు పట్టిస్తుందో తెలిసినవాళ్ళకు ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. నీరు ఆవిరైతేనే చల్లదనం. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆవిరి కావడానికి చోటుండదు.

మనుషులు ఈ ఉక్కపోతను ఎలాగో భరిస్తారు. మూసిన చోట పెరిగే పంట భరించదు. గత కొన్నేళ్ళుగా ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ అపార్ట్‌మెంట్లలో ఒక కొత్త వస్తువు కనిపిస్తోంది. లోపలివైపు వెండి రంగు పూత, ముందు జిప్పు, పైన ఎల్ఈడీ దీపం, పక్కన చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్న గుడ్డ డేరా అది. పాశ్చాత్య దేశాల్లో ఈ డేరాలకు గిరాకీ తెచ్చింది ఎక్కువగా ఇంట్లో గంజాయి పెంచుకునేవాళ్ళు. వాటిలో ఉష్ణోగ్రత, తేమ అదుపు చేయడం గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో సగం వాళ్ళ అనుభవం నుంచి వచ్చినవే. భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అనుమతి లేకుండా గంజాయి మొక్క పెంచడం నేరం. అందుకని ఇక్కడి డేరాల్లో కనిపించేవి తులసి జాతి ఆకులు, మైక్రోగ్రీన్స్, పుట్టగొడుగులు. కుంకుమపువ్వు ప్రయోగాలు కూడా అక్కడక్కడా జరుగుతున్నాయి. పంట ఏదైనా భౌతికశాస్త్రం ఒకటే. పెంచేవాళ్ళు చేసే పొరపాటూ ఒకటే. వాళ్ళు ముందు యంత్రం కొంటారు, తర్వాత కొలత గురించి ఆలోచిస్తారు.

తక్కువ ఖర్చుతో ఈ వాతావరణాన్ని ఎలా నడపాలో నేర్పగలిగినవాళ్ళు ఆ అపార్ట్‌మెంట్లకు గంట, గంటన్నర ప్రయాణం దూరంలోనే ఉన్నారు. జాతీయ రాజధాని ప్రాంతంలో భాగమైన హర్యానాలోని సోనీపత్ జిల్లాలో, చలికాలంలో పొలాల మధ్య వరుసగా గడ్డి పాకలు లేస్తాయి. వెదురు బొంగుల చట్రం, రెల్లు జాతి గడ్డితో తడికలు, లోపల పాలిథిన్ పట్టా, అంతస్తులుగా వెదురు అరలు. ఆ అరల మీద ఎరువు, ఆ ఎరువులో బటన్ పుట్టగొడుగులు. తెల్లారేసరికి అవి బుట్టల్లో, ప్లాస్టిక్ సంచుల్లో ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీకి చేరతాయి. ముర్తల్ అనగానే హైవే పక్కన పరాఠాల ధాబాలు గుర్తొస్తాయి గానీ అక్కడ పుట్టగొడుగుల పరిశోధన కేంద్రం కూడా ఉంది. మన దేశంలో బటన్ పుట్టగొడుగు సాగు 1961లో కొండ ప్రాంతమైన సోలన్‌లో మొదలైంది. చల్లని చోట పుట్టిన ఆ పంట మైదానానికి దిగింది ఏసీల వల్ల కాదు, చలికాలం వల్ల.

ఈ పాకను వెనుకబాటుతనానికి గుర్తుగా చూసి, ఏసీ గదిని ఆధునికతకు గుర్తుగా చూసే అలవాటు ఉంది. ఈ అలవాటు చిన్న రైతుకూ, అపార్ట్‌మెంట్‌లో డేరా వేసిన అభిరుచి సాగుదారుకూ సమానంగా నష్టం చేస్తోంది. పాకలో జరిగేది వాతావరణ నియంత్రణే. కరెంటుతో చేసే పనిలో పెద్ద భాగాన్ని ఇక్కడ ఋతువుతో, గడ్డి మందంతో, కిటికీ తెరిచే వేళతో చేస్తారు.

లెక్క చూస్తే ఇది తేలుతుంది. బటన్ పుట్టగొడుగు శిలీంధ్రం ఎరువులో అల్లుకునే దశలో దానికి 22 నుంచి 25 డిగ్రీలు కావాలి. గొడుగులు వచ్చే దశలో 14 నుంచి 18 డిగ్రీలు, గాలిలో తేమ 85 శాతం దగ్గర ఉండాలి. ఢిల్లీ పరిసరాల్లో జనవరి పగళ్ళు 20 డిగ్రీల దగ్గర, రాత్రులు 7, 8 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఈ రెంటి మధ్యా ఊగే ఉష్ణోగ్రతను 16 దగ్గర నిలబెట్టడమే పాక పని. గడ్డి పొరల్లో చిక్కుకున్న గాలి దుప్పటిలా పనిచేస్తుంది. కుళ్ళుతూ, శిలీంధ్రానికి ఆహారమవుతూ ఉండే ఎరువు తనంతట తానే వేడినిస్తుంది. మధ్యాహ్నం కాసేపు తెరిచి రాత్రి మూసేస్తే జనవరి గడుస్తుంది. మార్చిలో దీన్ని తిరగేసి, పగలు మూసి రాత్రి తెరవాలి. ఈ చిన్న తిరగవేత ఎప్పుడు చేయాలో తెలిసినవాడికి కనీసం రెండు కోతలు అదనంగా దక్కుతాయి.

తేమ దగ్గరికి వచ్చేసరికి బుద్ధి మోసపోతుంది. డిసెంబరు చివర, జనవరిలో ఉత్తర భారతమంతా పొగమంచు కమ్ముకుంటుంది. బయట 8 డిగ్రీలు, తేమ 95 శాతం. పది అడుగుల దూరంలో మనిషి కనిపించడు. ఇంత తడి గాలి లోపలికి వస్తే పాకలో నీళ్ళు చల్లనక్కర్లేదని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ గాలి పాకలోకి వచ్చి 16 డిగ్రీలకు వేడెక్కగానే దాని తేమ 56 శాతానికి పడిపోతుంది. ఆవిరి ఒక్క చుక్క కూడా ఎక్కడికీ పోలేదు. వేడి గాలి పట్టుకోగల ఆవిరి పరిమాణం పెరిగింది, అంతే. బయట పొగమంచు, లోపల కరువు. గొడుగుల తలలు పొలుసులు లేచి పగులుతాయి. అనుభవం ఉన్న రైతు సరిగ్గా పొగమంచు రోజునే తడికల లోపలివైపు, నేల మీద ఎక్కువ నీళ్ళు చల్లుతాడు. చూసేవాళ్ళకు అది పిచ్చిగా కనిపిస్తుంది.

డేరాలో మొక్కలు పెంచేవాళ్ళకు ఇదే సూత్రం తలకిందులుగా ఎదురవుతుంది. 1.2 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, 2 మీటర్ల ఎత్తు ఉన్న డేరాలో పట్టే గాలి 3 ఘనపు మీటర్లకు కాస్త తక్కువ. 25 డిగ్రీల దగ్గర ఆ గాలి పట్టుకోగల ఆవిరి మొత్తం 70 గ్రాములకు మించదు. ఒక టీ గ్లాసుడు అనుకోవచ్చు. మొక్కలకు రోజూ పోసే లీటరు నీళ్ళలో చాలా భాగం ఆకుల గుండా ఆవిరై ఈ గాలిలోకే వస్తుంది. పగలు దీపం వెలుగుతున్నప్పుడు 28 డిగ్రీలు, 65 శాతం తేమ ఉందనుకుంటే అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. రాత్రి దీపం ఆరిపోయి డేరా 20 డిగ్రీలకు చల్లారగానే ఆ తేమ 100 శాతం దాటి గుడ్డ గోడల మీద, ఆకుల మీద నీటి బొట్లుగా మారుతుంది. తెల్లారి చూస్తే బూజు. పగటి అంకెలు మాత్రమే రాసుకున్న సాగుదారు విత్తనాలను తిడతాడు.

అందుకే తేమ శాతం ఒక్కటే చూడడం సగం చదువు. 60 శాతం తేమ 20 డిగ్రీల దగ్గర ఒక అర్థం ఇస్తుంది, 38 డిగ్రీల దగ్గర వేరే అర్థం ఇస్తుంది. గాలి ఇంకా ఎంత ఆవిరిని పీల్చుకోగలదో చెప్పే కొలతను ఆవిరి పీడన లోటు అంటారు. 20 డిగ్రీలు, 60 శాతం దగ్గర అది 0.9 కిలోపాస్కల్. 38 డిగ్రీలు, అదే 60 శాతం దగ్గర 2.6 దాటుతుంది. అంటే దాదాపు మూడు రెట్ల దాహం. మొక్క ఆకురంధ్రాలు మూసుకుని ఎదుగుదల ఆపేస్తుంది, పుట్టగొడుగు ఎండుతుంది. ఈ లెక్కకు పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఉష్ణోగ్రత, తేమ రెండూ చూపే చిన్న మీటరు, గోడకు అంటించిన ఒక పట్టిక చాలు.

దీపం సంగతి కూడా అదే. ఎల్ఈడీ చల్లగా ఉంటుందని అమ్మేవాళ్ళు చెబుతారు. 100 వాట్ల ఎల్ఈడీ తీసుకున్న కరెంటంతా, మొక్క కండలో చేరే కొద్దిపాటి శక్తి పోను, చివరికి డేరాలో వేడిగానే తేలుతుంది. గంటకు 100 ఘనపు మీటర్ల గాలిని బయటికి తోసే ఫ్యాన్ ఉంటే ఆ వేడివల్ల లోపలి గాలి బయటి గాలి కంటే 3 డిగ్రీలు ఎక్కువగా ఉంటుంది. ఫ్యాన్ వేగం సగం చేస్తే 6 డిగ్రీలు. గది 36 ఉంటే డేరా 42. అప్పుడు ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటే, దీపాన్ని రాత్రి వెలిగించి పగలు ఆర్పడం. మొక్కకు పగలు అంటే దీపం వెలిగే వేళే. ఢిల్లీ వేసవిలో ఈ ఒక్క మార్పుతో వచ్చే లాభం ఏ చిన్న కూలింగ్ పరికరం వల్లా రాదు.

ఇప్పుడు మళ్ళీ కూలర్ దగ్గరికి. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 0.68 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడిని గాలి నుంచి లాక్కుంటుంది. ఇంత చవకగా చల్లదనం ఇచ్చేది ఇంకొకటి లేదు. వట్టివేళ్ళ తడికలకు నీళ్ళు చల్లిన తరాలకు ఇది తెలుసు. పూసాలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో 1980ల తొలి సంవత్సరాల్లో రూపొందిన కరెంటు లేని శీతల గది కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. రెండు ఇటుక గోడలు, మధ్యలో ఇసుక, ఆ ఇసుకకు రోజూ కాసిని నీళ్ళు. మండు వేసవిలో లోపలి ఉష్ణోగ్రత బయటి కంటే 10 డిగ్రీలకు పైగా తగ్గుతుంది, కూరగాయలు వాడకుండా నిలుస్తాయి. కానీ దీనికి కూడా ఒక హద్దు ఉంది. థర్మామీటరు బల్బుకు తడి గుడ్డ చుట్టి గాలిలో ఉంచితే అది చూపే అంకెను తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. ఎంత పెద్ద కూలరైనా గాలిని అంతకంటే కిందికి దించలేదు. 42 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న మే రోజున అది 24. 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న జులై రోజున 30.

ఈ రెండు అంకెలు చేతిలో ఉంటే చాలా డబ్బు మిగులుతుంది. 24 అంటే మే నెలలో కూలర్‌తో బటన్ పుట్టగొడుగు పెంచడం అసాధ్యమని అర్థం. 16 కావలసిన చోట 24 కూడా కష్టం మీద వస్తుంది. కానీ పాల పుట్టగొడుగుకు కావలసింది 30 నుంచి 35 డిగ్రీలు, 80 శాతానికి పైగా తేమ. అదే మే నెలలో తడి గోనె సంచులు వేలాడదీసిన పాక దానికి సరిపోతుంది. జులైలో మనుషుల్ని ఉడికించే 31 డిగ్రీల, 95 శాతం తేమ గాలి ఉంది కదా, వరిగడ్డి పుట్టగొడుగు కోరుకునేది దాదాపు అదే. కూలర్ ఓడిపోయిన చోట ఆ శిలీంధ్రం గెలుస్తుంది. అక్టోబరులో, ఫిబ్రవరి, మార్చి నెలల్లో 20 నుంచి 28 డిగ్రీల మధ్య ముత్యపు చిప్ప పుట్టగొడుగు హాయిగా వస్తుంది. వాతావరణాన్ని పంటకు తగ్గట్టు మార్చడం ఖరీదైన పని. వాతావరణానికి తగ్గట్టు పంటను మార్చడానికి అయ్యే ఖర్చు కొత్త విత్తనం, కాస్త కొత్త అలవాటు.

దీనికి ఎదురుగా వచ్చే వాదన బలమైనదే. ఆజాద్‌పూర్‌లో అడిగేది బటన్ పుట్టగొడుగునే. హోటళ్ళకు, పెళ్ళి వంటలకు, పిజ్జాలకు కావలసింది అదే. వరిగడ్డి పుట్టగొడుగు కోసిన రోజే అమ్ముడుపోవాలి. ఫ్రిజ్‌లో పెడితే మరీ త్వరగా నీరు కారి పాడవుతుంది. ముత్యపు చిప్పను ఢిల్లీ గృహిణి ఇంకా అనుమానంగానే చూస్తుంది. పైగా చలికాలంలో పాకలన్నీ ఒకేసారి కోతకు వస్తే ధర పడిపోతుంది. వేసవిలో మార్కెట్‌కు సరుకు తెచ్చే ఏసీ యూనిట్‌కు మంచి ధర దొరుకుతుంది. ఇవన్నీ నిజమే. పెట్టుబడి, నమ్మకమైన కరెంటు, కొనుగోలుదారుతో ఒప్పందం ఉన్నవాళ్ళు ఏసీ గది కట్టుకోవడంలో తప్పేమీ లేదు.

అభ్యంతరం ఉన్నది దాన్నే అందరికీ ఒకే దారిగా చూపడం దగ్గర. ఏసీ తన చల్లని తీగచుట్ట మీద గాలిలోని నీటిని కార్చేస్తుంది. పుట్టగొడుగుకు తేమ కావాలి కాబట్టి పక్కనే ఇంకో యంత్రం మళ్ళీ నీటిని పొగలా చిమ్ముతుంది. ఒకటి తీసేస్తుంటే ఒకటి పోస్తుంటుంది, రెండిటికీ మీటరు తిరుగుతుంది. పాలిథిన్ పట్టా, గుడ్డ డేరా లాంటి పలచని గోడల మధ్య ఈ పోటీ పెడితే గెలిచేది కరెంటు బిల్లు. గోడలకు సరైన మందం ఇవ్వకుండా ఏసీ బిగించడం చిల్లు కుండలో నీళ్ళు పోయడమే. పుట్టగొడుగుల యూనిట్లకు ఉద్యాన మిషన్ కింద రుణంతో ముడిపడిన రాయితీ ఉంది. బ్యాంకు రుణం అంటేనే చిన్న కౌలుదారు వెనక్కి తగ్గుతాడు. అతనికి తక్షణం కావలసినవి ఒక పాకకు నాలుగు నమ్మకమైన మీటర్లు, పాశ్చరైజ్ చేసిన ఎరువు, వేసవి రకాల మంచి స్పాన్. వీటికి పోయే డబ్బు ఏసీ యూనిట్ ముందు చిన్నది. ఫలితం కొలవడం తేలిక. అయినా పథకాల్లో యంత్రానికి దొరికే గౌరవం థర్మామీటరుకు దొరకదు.

గాలి మార్పిడి గురించి ఒక మాట. తేమ పోతుందని భయపడి డేరానో పాకనో బిగించి మూసేవాళ్ళు ఎక్కువ. శిలీంధ్రం మొక్క కాదు. అది మనుషుల్లాగే ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఎరువులో అల్లుకునే దశలో ఆ వాయువు పది లక్షల భాగాల్లో 10,000 దాటినా దానికి ఇబ్బంది లేదు. గొడుగులు వచ్చే దశలో మాత్రం 1,000 లోపు ఉండాలి. బయటి గాలిలో ఇప్పుడు ఉన్నదే 420 పైన, కాబట్టి వెసులుబాటు తక్కువ. దీన్ని కొలిచే మీటరు ఖరీదైనదే గానీ పుట్టగొడుగే మీటరులా పనిచేస్తుంది. కాడలు సన్నగా పొడుగ్గా సాగి తలలు చిన్నవైతే గాలి చాలడం లేదని అర్థం. ముత్యపు చిప్ప ఇంకా ముందే చెబుతుంది, బాకా ఊదినట్టు వంకరపోతుంది. మరోవైపు, తడి మీద తడి చల్లి గాలి ఆడనివ్వకపోతే గొడుగుల తలల మీద నీరు ఆరక గోధుమ రంగు బ్యాక్టీరియా మచ్చలు వస్తాయి. తేమ ఎక్కువ ఉండాలి, కానీ తలల మీద నీటి చుక్క నిలవకూడదు. ఈ సన్నని గీత మీద నడవడమే మొత్తం విద్య.

అపార్ట్‌మెంట్లలో పెంచేవాళ్ళు ఇక్కడ ఇంకో జాగ్రత్త మరిచిపోతున్నారు. ముత్యపు చిప్ప పుట్టగొడుగులు ముదిరితే లెక్కలేనన్ని బీజాలను గాలిలోకి వదులుతాయి. రోజుల తరబడి అవి పీల్చే పనివాళ్ళకు దగ్గు, జ్వరం, ఊపిరితిత్తుల వాపు రావడం వైద్యశాస్త్రానికి తెలిసిన విషయమే. డేరా గాలి గొట్టం పడకగదిలోకి కాదు, కిటికీ బయటికి పోవాలి. తలల అంచులు ఇంకా లోపలికి వంగి ఉండగానే కోసేయాలి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే ఆ ప్రయోగం మేడ మీదికి మార్చడం మేలు. చలికాలంలో వేడి కోసం మూసిన పాకలోనో గదిలోనో బొగ్గుల కుంపటి పెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. ఢిల్లీలో కుంపటి పొగకు నిద్రలోనే ప్రాణాలు పోయిన వార్త రాని చలికాలం లేదు.

కొలత కొలత అంటున్నప్పుడు, ఆ కొలత నిజమేనా అన్న ప్రశ్న వస్తుంది. 2024 మే 29న ఢిల్లీ ముంగేష్‌పూర్‌లోని స్వయంచాలక కేంద్రం 52.9 డిగ్రీలు చూపింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. భారత వాతావరణ విభాగం పరీక్షించి, ఆ సెన్సర్ 3 డిగ్రీలు ఎక్కువ చూపుతోందని తేల్చింది. ప్రభుత్వ కేంద్రంలోని సెన్సరుకే ఆ గతి పట్టగలిగితే బజారులో దొరికే చౌక డిజిటల్ మీటరు గురించి చెప్పాలా? 85 చూపాల్సిన చోట 75 చూపితే రైతు రోజంతా నీళ్ళు చల్లుతూ మచ్చల రోగాన్ని ఆహ్వానిస్తాడు.

దీనికి వంటింట్లోనే ఒక పరీక్ష ఉంది. సీసా మూతలో వంట ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత మాత్రమే నీళ్ళు కలపాలి. ఉప్పు పూర్తిగా కరిగిపోకూడదు. ఆ మూతను, మీటరును కలిపి గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఎండ తగలని చోట ఒక రాత్రి, వీలైతే ఒక రోజంతా వదిలేయాలి. మామూలు గది ఉష్ణోగ్రతల్లో సంతృప్త ఉప్పు ద్రావణం పైన గాలిలో తేమ 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. అది ఉప్పు స్వభావం, ఊరిని బట్టి మారదు. మీటరు 69 చూపితే 6 కలుపుకోవాలి, 80 చూపితే 5 తీసేసుకోవాలి. రూపాయి ఖర్చుతో ప్రయోగశాల ప్రమాణం దొరుకుతుంది. పాఠశాల సైన్స్ ప్రదర్శనల్లో ఏటా అగ్నిపర్వతం నమూనాలు పెట్టే బదులు ఈ డబ్బాను పెడితే ఊళ్ళోని రైతుకు కూడా పనికొస్తుంది.

ఋతువును నమ్ముకున్న సాగుకు మరో ముప్పు ముంచుకొస్తోంది. దాన్ని దాచి పాకను పొగడడం న్యాయం కాదు. 2023 ఫిబ్రవరిలో దేశ సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 1901 నుంచి నమోదైన ఫిబ్రవరి నెలలన్నిటిలోకీ ఎక్కువని వాతావరణ విభాగం ప్రకటించింది. గోధుమ గింజ ముడుచుకుపోతుందని అందరూ కంగారు పడ్డారు. పుట్టగొడుగుల పాకల గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. ఫిబ్రవరి మధ్యలో పగళ్ళు 30 వైపు పరుగెడితే పాక లోపల 20 దాటుతుంది. గొడుగులు గంటల్లో విచ్చుకుని తెల్లని బటన్ కాస్తా నల్లని గొడుగవుతుంది, మండీలో ధర సగానికి పడుతుంది. పెట్టుబడంతా ఎరువు, వెదురు, కౌలు, కూలీ రూపంలో అక్టోబరులోనే పెట్టేసి, లాభం చివరి కోతల్లో వెనకేసుకుందామనుకున్న కుటుంబానికి ఆ పది రోజులే ఏడాది లెక్కను తారుమారు చేస్తాయి.

అలాంటి ఫిబ్రవరికి జవాబు ఏసీయేనా? కొందరికి కావచ్చు. పాకల రైతుకు అంతకంటే ముందు చేయగలిగినవి ఉన్నాయి. పైకప్పు మీద ఇంకో జానెడు గడ్డి, దాని మీద తెల్లని పట్టా, పడమటి తడికకు అడుగు దూరంలో నీడ కోసం ఇంకో తడిక. ఫిబ్రవరి గాలి మధ్యాహ్నం పొడిగా ఉంటుంది, తడి బల్బు ఉష్ణోగ్రత తక్కువగా ఉంటుంది. అంటే మే కంటే ఫిబ్రవరిలోనే బటన్ పుట్టగొడుగుకు కూలర్ నిజంగా పనికొస్తుంది. 28 డిగ్రీలు, 35 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం తడి బల్బు 18 దగ్గర ఉంటుంది. ఒక చిన్న కూలర్, వారం ముందు వచ్చే వాతావరణ సూచన, తెల్లవారుజామున తెరిచి ఉదయం పది లోపు మూసే క్రమశిక్షణ కలిస్తే ఆ పది రోజులు గట్టెక్కవచ్చు. వాతావరణ విభాగం జిల్లాలవారీ సలహాల్లో గోధుమకు, ఆవాలకు ఇచ్చే చోటులో పాకలకు రెండు వాక్యాలు కేటాయించడం పెద్ద పనేమీ కాదు.

వరిగడ్డి విషయం కూడా ఇక్కడే ముడిపడి ఉంది. అక్టోబరు, నవంబరు నెలల్లో హర్యానా, పంజాబ్ పొలాల్లో కాలే గడ్డి పొగ ఢిల్లీ గొంతు పట్టుకుంటుంది. అదే గడ్డి మీద ముత్యపు చిప్ప, వరిగడ్డి పుట్టగొడుగులు పెరుగుతాయి. పుట్టగొడుగులు ఆ గడ్డి కొండనంతా తినేస్తాయని చెప్పడం అతిశయోక్తి. అందులో పిసరంతే పాకల్లోకి చేరుతుంది. కానీ పొలం గట్టు మీద గడ్డిని కాల్చాలా, కట్ట కట్టాలా అని ఆలోచించే రైతుకు కొనేవాడు పక్క ఊళ్ళోనే ఉంటే నిర్ణయం మారుతుంది.

మార్చి చివరికి సోనీపత్‌లో చివరి కోతలు అయిపోతాయి. వాడేసిన ఎరువును ట్రాక్టర్లలో పొలాలకు తోలతారు. చాలా పాకల్లో వెదురు అరలు మళ్ళీ అక్టోబరు దాకా ఖాళీగా ఉంటాయి, కొన్నిటిని విప్పేస్తారు. ఏప్రిల్ రెండో వారానికి ఆ ఖాళీ పాక నీడలో, నేల తడిపి ఉంచితే, ఉప్పుతో సరిచూసిన మీటరు 32 డిగ్రీలు, 80 శాతం చూపించడం కష్టమేమీ కాదు. పాల పుట్టగొడుగుకు అది చాలు. స్పాన్ ఎక్కడ దొరుకుతుందో, కోసిన దాన్ని ఎవరు కొంటారో రైతుకు చెప్పేవాళ్ళు కావాలి.